మందా, మసాలానా, నేరమా? యాన్బు తీరం నుంచి మూలికల ముచ్చట్లు

మీకు తెలుసా? మీ అలమారలో ఉన్న అశ్వగంధ మాత్రల డబ్బా ఎర్రసముద్రం ఒడ్డున పుట్టి ఉండొచ్చు! మూలిక కాదండోయ్, డబ్బా. సౌదీ అరేబియాలోని యాన్బులో యాన్‌శాబ్, యాన్‌పెట్ అనే పెట్రోరసాయన కర్మాగారాలు పాలిథిలీన్ గుళికలు తయారు చేసి దేశదేశాలకు పంపుతాయి. మాత్రల డబ్బాలు అలాంటి గుళికలతోనే పోతపోస్తారు. పైన చీటీ మీద పచ్చటి ఆకు బొమ్మ, "నూటికి నూరుపాళ్లు ప్రకృతిసిద్ధం" అన్న మాట. కింద పెట్రోలియం!

ఇంతటితో అయిపోలేదు. ఆకునుంచీ వేరునుంచీ సారం లాగడానికి చాలాచోట్ల వాడే హెక్సేన్ కూడా ముడిచమురు బిడ్డే. పని అయ్యాక దాన్ని ఆవిరి చేసి తరిమేస్తారు. కొసరుగా మిగిలేది ఎంతుండొచ్చో మందుల ప్రమాణాల్లో లెక్క ఉంది: పది లక్షల పాళ్లలో 290 పాళ్లు. బెంజీన్‌కైతే 2 పాళ్లే! మూలిక ఎంత సాధువైనా దాని వెంట వచ్చే చుట్టాలను సోదా చెయ్యక తప్పదు మరి.

యాన్బు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది రిఫైనరీ, షట్‌డౌన్ పనులు, ఓవర్‌టైమ్. తూర్పు చమురు క్షేత్రాల నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల గొట్టం ఎడారిని అడ్డంగా కోసుకుంటూ వచ్చి ఆగేది ఇక్కడే. ఇక్కడి పారిశ్రామిక నగరాన్ని చూసుకునే రాయల్ కమిషన్ 1975లో పుట్టింది. మరి అంతకు ముందు ఈ తీరం మీదుగా ఏం నడిచిందో మీకు తెలుసా? సాంబ్రాణి, బోళం, మిరియాలు! దక్షిణ అరేబియా నుంచి ఈజిప్టుకు వెళ్లే సుగంధద్రవ్యాల దారిలో యాన్బు ఒక మజిలీ. టాలమీ అనే ప్రాచీన పండితుడి భూగోళ గ్రంథంలో కూడా ఈ ఊరు ఉంది. అప్పుడు పొగ వేసే సరుకు, ఇప్పుడు పొగ వచ్చే సరుకు!

యాన్బు ఉన్న హిజాజ్ ప్రాంతంలో మక్కా బాల్సమ్ అనే చిన్న చెట్టు పెరుగుతుంది. మన గుగ్గులుకు వరసకు అన్నదమ్ముడు. దాని జిగురు ధర ఎంతో మీకు తెలుసా? గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ లెక్కలో, బరువుకు రెండింతలు వెండి! ఇక రోమన్ ప్లినీ రాసింది చదివితే కడుపు మండుతుంది. సర్కారు ఖజానా 300 దెనారీలకు అమ్మే కొలత బయట అంగట్లో 1,000 దెనారీలు పలికేదట. బ్లాకు టికెట్లు మన సినిమాహాళ్లలోనే పుట్టాయనుకున్నారా!

ధర ఉన్నచోట కల్తీ ఉంటుంది. కల్తీని పట్టే చిట్కా కూడా ప్లినీ దగ్గరే ఉంది. అసలైన బాల్సమ్ చుక్క పాలల్లో పడితే పాలు విరగాలి. గుడ్డ మీద పడితే మరక అంటకూడదు. ప్రయోగశాల లేదు, యంత్రం లేదు, చేతిలో ఒక గిన్నె, ఒక గుడ్డ పీలిక. రెండు వేల ఏళ్లనాటి నాణ్యతా విభాగం అంతే!

ఇక ఇప్పుడు చెప్పేదానికి కాస్త నిమ్మళంగా కూర్చోండి. ప్రపంచంలో మందుల దుకాణాల మీద జరిగిన తొలినాటి 'స్టింగ్ ఆపరేషన్' ఎక్కడో మీకు తెలుసా? 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో! ఖలీఫా అల్ మామూన్‌తో ఒక రసవాది అన్నాడట: "ప్రభూ, మందుల అంగడివాడు ఏ సరుకు అడిగినా 'లేదు' అనడు. చూస్తారా?" ఇద్దరూ కలిసి ఒక దొంగ పేరు ఎంచుకున్నారు. అది మందు పేరే కాదు, బాగ్దాద్ దగ్గరి ఒక పల్లె పేరు! ఆ 'మందు' కావాలని అంగళ్లకు మనుషుల్ని తోలారు. ఒక్కడంటే ఒక్కడు "లేదు" అనలేదు. డబ్బు పుచ్చుకుని ఒకడు ఏవో గింజలు ఇచ్చాడు. ఒకడు రాయి ముక్క ఇచ్చాడు. ఇంకొకడు ఏదో జంతువు బొచ్చు పొట్లం కట్టి ఇచ్చాడు! ఊరిపేరుకు వైద్యం చేసిన మొనగాళ్లు వీళ్లే!

కథ ఇంకా ఉంది. తర్వాతి ఖలీఫా కాలంలో అఫ్షీన్ అనే సేనాపతి ఈ కథ విని ఉత్సాహపడ్డాడు. తన దేశపు మనుషుల పేర్లు ఓ ఇరవై ఏరి, అవే మందులని చెప్పి, దండు విడిదిలోని మందుల వర్తకుల దగ్గరికి పంపాడు. అంటే మన సుబ్బారావు, వెంకటేశు, యాదగిరి అని చీటీ రాసి "తలా పావుకిలో కట్టండి" అన్నట్టు! "ఇలాంటి మందు మాకు తెలియదు" అన్నవాళ్లకు ఉండమని అనుమతి పత్రం దక్కింది. కట్టి ఇచ్చినవాళ్లను విడిది నుంచి గెంటేశారు. "తెలియదు" అంటే లైసెన్సు, "ఉంది" అంటే బహిష్కారం. ఇంత ముచ్చటైన పరీక్ష ఇప్పుడు ఎక్కడన్నా ఉందా చెప్పండి!

మధ్యయుగాల్లో అరబ్బు నగరాల బజార్లకు ముహ్తసిబ్ అని ఒక అధికారి ఉండేవాడు. తూనికలు, రొట్టెలు, కషాయాలు అన్నీ చూసేది ఆయనే. ఆయనకొక చేతిపుస్తకం కూడా ఉండేది! 12వ శతాబ్దంలో సిరియాలో అల్ షైజరీ రాసిన పుస్తకంలో మందుల వర్తకుల మోసాలకు విడిగా అధ్యాయాలున్నాయి. సాంబ్రాణిలో చవక జిగురు కలిపారని అనుమానమా? నిప్పుల మీద ఒక పలుకు వెయ్యండి. కల్తీ జిగురు భగ్గుమని మండి తన వాసన తనే బయటపెట్టుకుంటుంది. దొంగ తనంతట తానే ఒప్పుకోవడమంటే ఇదే!

మనవాళ్లేం తక్కువ తినలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ధాన్యం, నూనె, ఉప్పు, సుగంధాలు, మందులు కల్తీ చేసినవాడికి జరిమానా ఎంతో మీకు తెలుసా? 12 పణాలు. పప్పుకూ మందుకూ ఒకటే రేటు!

మరి నేటి ముహ్తసిబ్ ఎవరు? సౌదీలో ఆ కుర్చీ సౌదీ ఆహార, ఔషధ సంస్థది. పుట్టింది 2003లో. మూలికా మందు, ఆరోగ్య ఉత్పత్తి అని పేరు పెట్టుకున్నది ఏదైనా అక్కడ నమోదు కావాల్సిందే. ఏ మొక్క, ఏ భాగం, ఎక్కడ చేశారు, ఎన్నాళ్లు చెడకుండా ఉంటుంది అని కాగితాలన్నీ ముందు పెట్టాలి. "మా తాతగారు ఇచ్చేవారండీ" అంటే ఆ కౌంటర్లో నడవదు!

2008లో అదే దేశంలో ప్రత్యామ్నాయ వైద్యానికంటూ ఒక జాతీయ కేంద్రం వెలిసింది. లైసెన్సు ఇచ్చే పద్ధతుల్లో ఆక్యుపంక్చర్, కైరోప్రాక్టిక్‌లతో పాటు హిజామా కూడా ఉంది. చర్మం మీద గిన్నెలు బోర్లించి, గాట్లు పెట్టి రక్తం లాగే ఆ పాత పద్ధతే. ఒకప్పుడు మంగలి దుకాణం పని, ఇప్పుడు శిక్షణ, పరీక్ష, గోడకు వేలాడే సర్టిఫికెట్టు!

రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన కేంద్రం ఉంది. దాని పేరేమిటో మీకు తెలుసా? 'ఔషధ, సుగంధ, విష మొక్కల పరిశోధన కేంద్రం'. మందు, అత్తరు, విషం మూడూ ఒకే బోర్డు మీద! ఇంత నిజాయితీగల పేరు పెట్టిన సంస్థ ఇంకోటి నాకు కనబడలేదు.

యాన్బు పాతబస్తీలో సూఖ్ అల్ లైల్ అని రాత్రి బజారు ఉంది. జాలర్లూ ఎడారి బదూలూ చీకటిపడ్డాక బేరాలాడుకున్న చోటు. ఇలాంటి బజార్లలో మూలికల దుకాణాన్ని అత్తార్ అంగడి అంటారు. లోపలికి అడుగుపెడితే మీకు చుట్టరికం కలిసిపోతుంది. అంచు మడిచిన గోతాల్లో వాము, మెంతులు, నల్లజీలకర్ర. పక్కన కందిబేడ రంగులో బోళం పలుకులు, వేలితో ముడితే కాస్త జిగటగా. చేతికర్ర మందాన కట్టలు కట్టిన, పళ్లు తోముకునే సివాక్ (మిస్వాక్) పుల్లలు. త్రాసులో పోసి, కాగితంలో చుట్టి చేతికిస్తాడు. అచ్చం మన ఊరి మూలికల కొట్టే. బేరం మాత్రం అరబ్బీలో ఆడాలి!

ఆ సివాక్ పుల్ల తెలుగు నేల మీదా పెరుగుతుందని మీకు తెలుసా? వరగోగు, గున్నంగి అంటామే, అదే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ఈ పుల్లతో పళ్లు తోముకోవచ్చని సిఫారసు చేసింది. 2000లో నిపుణులు మళ్లీ కూర్చుని "ఇంకాస్త పరిశోధన కావాలి" అన్నారు. ఈలోగా మన కంపెనీలు పుల్లను పేస్టు చేసి ట్యూబులో పెట్టేశాయి. గున్నంగి పుల్ల ఊరికే దొరుకుతుంది, మిస్వాక్ పేస్టుకు మాత్రం రొక్కం కావాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

అదే అంగట్లో 'ఖుస్త్ అల్ హిందీ' అడిగితే ఒక వేరు ఇస్తారు. మన చెంగల్వకోష్టు. పుట్టింట ఈ మొక్క ఎంత అరుదైందో మీకు తెలుసా? అంతరించే జీవుల అంతర్జాతీయ ఒప్పందంలో పులితో పాటు మొదటి జాబితాలో ఉంది! పులి గోరు అమ్మితే జైలు అని అందరికీ తెలుసు. వేరుముక్క కూడా ఆ కోవలోదే అంటే నమ్ముతారా!

నల్లజీలకర్ర టూటాంఖామన్ సమాధిలో దొరికింది. అందులోని థైమోక్వినోన్ అనే పదార్థాన్ని 1963లో విడదీశారు. చావుకు తప్ప అన్నింటికీ మందు అని అరబ్బు దేశాల్లో దాని మీద గురి. ఫారో సమాధిలోనే దొరికిందంటే, ఆ మినహాయింపు నిజమేనన్నమాట!

బోళం కథ వింటే మూలికలకు పరీక్షలెందుకో అర్థమవుతుంది. ఈజిప్టులో నత్తల ద్వారా వచ్చే ఒక పరాన్నజీవి జబ్బుకు బోళంతో క్యాప్సూల్ చేశారు. పేరు మిరాజిడ్. మొదట్లో నూటికి తొంభై పైగా నయమన్నారు. 2005 నాటికి వేరేవాళ్లు పరీక్షించి చూస్తే నయమైనవాళ్లు నూటికి ఇరవై కూడా లేరు! తొంభై ఎక్కడ, ఇరవై ఎక్కడ? మధ్యలో డెబ్బైమంది ఏమైనట్టు?

మనకూ అలాంటి ముచ్చట ఒకటుంది. నేలఉసిరి. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో రాశారు: హెపటైటిస్ బి మోస్తున్న 37 మందికి నేలఉసిరి పొడి ఇస్తే 22 మందిలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు తిన్న 23 మందిలో ఒక్కడికే! ప్రపంచం ఎగిరి గంతేసింది. తర్వాత వేరేచోట్ల మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మొక్కా అదే, రోగమూ అదే, అంకెలే అలిగాయి!

విజయవాడకూ యాన్బు దారిలో నడిచిన సాంబ్రాణికీ సంబంధం ఏమిటో మీకు తెలుసా? అరబ్బుల సాంబ్రాణి చెట్టుకు మన అడవుల్లో ఒక దాయాది ఉంది, అందుగు చెట్టు. దాని బంకలోంచి ఏకేబీఏ అనే ఆమ్లాన్ని 30 శాతానికి పెంచి విజయవాడ లైలా సంస్థ 5-లాక్సిన్ అనే సరుకు చేసింది. 75 మంది మోకాళ్ల నొప్పుల వాళ్ల మీద 90 రోజులు పరీక్షించి 2008లో పత్రికలో వేశారు. జరిగింది ఏ అమెరికాలోనో కాదు, మన ఏలూరులో! సొంత సరుకు మీద సొంత పరీక్ష కాబట్టి చిటికెడు ఉప్పు వేసుకునే చదవాలి. అయినా 75 మోకాళ్ల జతలను 90 రోజులు లెక్కపెట్టడం మాటలా!

సరే, డబ్బాలో ఉన్నది అందుగు బంకేనా, వేప జిగురా అని ఎలా తేలుస్తారు? ఇది చూడ్డానికి భలే ఉంటుంది. అరచేతి వెడల్పు పలక, దాని మీద తెల్లటి సిలికా పూత. అడుగున వరసగా సన్నటి చుక్కలు పెడతారు: ఒకటి అసలు మూలికది, మిగతావి అనుమానపు సరుకులవి. పలకను ద్రావకంలో నిలబెడితే తడి మెల్లగా పైకి పాకుతుంది. ఒక్కొక్క చుక్కా విడిపోయి మెట్లు మెట్లుగా ఆగుతుంది. మామూలు వెలుతురులో ఏమీ కనబడదు. గది చీకటి చేసి 366 నానోమీటర్ల అతినీలలోహిత దీపం వేస్తే చాలు, నీలం, నారింజ, ఎరుపు పట్టీలు వెలుగుతాయి! అసలు మూలిక పట్టీలూ అనుమానపు సరుకు పట్టీలూ ఒకే ఎత్తులో, ఒకే రంగులో ఉండాలి. లేదా? పొట్లం కట్టినవాడి గుట్టు రంగుల్లో బయటపడినట్టే!

ఒక పేరు తప్పుగా చదివితే ఏమవుతుందో మీకు తెలుసా? 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు, దగ్గరి పేరున్న మరో మూలిక పడింది. ఆ పడినదేమో ఈశ్వరి జాతిది. వందమందికి పైగా ఆడవాళ్ల మూత్రపిండాలు పాడయ్యాయి. అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం క్యాన్సర్ తెస్తుందని తర్వాత తేలింది. మన ఈశ్వరి వేరులో, గాడిదగడపాకులో కూడా అదే ఆమ్లం ఉంది! ఇక్కడ జోకు వెయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు. ముందుకు పోదాం.

2003లో అమెరికా పరిశోధకులు బోస్టన్ చుట్టుపక్కల దక్షిణాసియా కొట్లలో 70 ఆయుర్వేద సరుకులు కొన్నారు. 14 సీసాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. సీసాలో సీసం! అంతే, 2006 జనవరి 1 నుంచి ఎగుమతయ్యే మూలికా మందులకు భారలోహ పరీక్ష తప్పనిసరి చేసింది మన దేశం. పది లక్షల పాళ్లలో సీసం 10 దాటకూడదు, ఆర్సెనిక్ 3, పాదరసం 1, క్యాడ్మియం 0.3. ఎగుమతికి ఇంత పట్టింపు పెట్టారు సరే, మన పక్కింటి మామ్మగారు మింగే లేహ్యానికో?

నొప్పి మందు అమ్మిన డబ్బుతో పత్రిక, పత్రికతో ఉద్యమం నడిపిన తెలుగాయన ఎవరు? కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు! 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో డబ్బాలు ఊరికే పంచేవారట. ఆ రాబడితో ఆంధ్రపత్రిక. 1937లో రాయలసీమ, కోస్తా నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే! ఒక పసుపుపచ్చ డబ్బా తలనొప్పులూ తగ్గించింది, ఆంగ్లేయులకు తలనొప్పీ తెచ్చింది.

గల్ఫుకు వెళ్లే హైదరాబాదీ సంచిలో ఉండే బుల్లి సీసా ఏది? జిందా తిలిస్మాత్! 1920లో ఒక హకీంగారు మొదలుపెట్టిన యునానీ మందు. నీలగిరి తైలం ఘాటు. పడిశం పడితే చాయ్‌లో చుక్కలు, ఒళ్లు నొప్పైతే పైన మర్దనా. తాగేదీ రాసేదీ ఒకటే సీసా! యునానీ వైద్యం గ్రీసులో పుట్టి, అరబ్బుల చేతిలో పెరిగి, హైదరాబాదులో సీసాకెక్కి, తిరిగి అరబ్బు దేశానికి విమానంలో పోతోంది. రిటర్ను టికెట్టు అంటే ఇదీ!

ఔషధ ప్రపంచాన్ని ఏలిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా ఓడ ఎక్కకముందు ఎక్కడ పాఠాలు చెప్పారో మీకు తెలుసా? మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో!

ఇక అడవి సంగతికొస్తే, 1956లో విశాఖపట్నం కేంద్రంగా పుట్టిన గిరిజన సహకార సంస్థ మన్యం నుంచి కొనే తపసి బంక ఎక్కడ తేలుతుందో ఊహించండి. విదేశీ తాతయ్యల నోట్లో! కట్టుడు పళ్లు జారకుండా అంటించే పొడిలో దాన్ని వాడతారు. ఇంకో బంక ఎర్రసముద్రం అవతలి గట్టున సూడాన్‌లో దొరుకుతుంది, తుమ్మ జాతి బంక. 1997లో అమెరికా సూడాన్‌తో వ్యాపారం బందు పెట్టింది, ఈ ఒక్క బంకను తప్ప! కూల్‌డ్రింకులకూ మాత్రల పూతకూ అది కావాలి మరి. రాజకీయం ఎంత గట్టిదైనా బంక దగ్గర అంటుకుపోయింది.

పసుపు గాయాలకు మందని 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారని మీకు తెలుసా? మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 32 పాత ఆధారాలు ముందు పెట్టి వాదిస్తే 1997లో రద్దయింది. నిజామాబాద్‌లో ఏ నాయనమ్మను సాక్షికి పిలిచినా ఒక్క వాయిదాలో తేలిపోయేది!

పొడపత్రి ఆకు నమిలి, వెంటనే పంచదార నోట్లో వేసుకోండి. తీపి తెలియదు, ఇసుక తిన్నట్టుంటుంది! కాసేపే లెండి. అత్తారింట్లో మైసూరుపాకు వద్దనడానికి ఇంతకన్నా మర్యాదైన దారి లేదు. అరేబియా ఎడారుల్లో తీగపారే చేదుపుచ్చ జోలికి మాత్రం పోకండి. చక్కెర జబ్బుకని తిన్నవాళ్లకు రక్త విరేచనాలైన సంగతులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మన దగ్గర 1940 నాటి ఔషధ చట్టంలోకి ఆయుర్వేదం ఎప్పుడొచ్చిందో తెలుసా? 1964 సవరణతో. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 17 ఏళ్లకు! ఇప్పటికీ చట్టం దాకా రాని మందులు బోలెడు. హైదరాబాదులో మృగశిర కార్తెకు బత్తిని వారు కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టి గొంతులో వేస్తారు. 1845 నుంచి ఇస్తున్నామంటారు. ఒకప్పుడు అది 'చేప మందు'. గొడవలూ కోర్టు కేసులూ అయ్యాక 'చేప ప్రసాదం'. మందైతే పరీక్షలు కావాలి. ప్రసాదానికి చెయ్యి చాస్తే చాలు!

ఇక కృష్ణపట్నం. 2021 మే నెల, కరోనా రెండో అల. నెల్లూరు జిల్లాలోని ఆ రేవు ఊరికి ఆనందయ్య మందు కోసం వేలమంది. అంబులెన్సుల్లో కూడా వచ్చి బారులు తీరారు! మందుల పేర్లు మన ఇంగ్లిషు అక్షరాలే: పి, ఎఫ్, ఎల్, కె. పంపిణీ ఆపి కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి చేత పరిశీలింపజేశారు. దీన్ని ఆయుర్వేదం అనలేం, నాటుమందు అనొచ్చు అన్నారు అధికారులు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం పి, ఎఫ్, ఎల్ ఇచ్చుకోవచ్చంది. కరోనా తగ్గుతుందనడానికి ఆధారాల్లేవనీ, హాని మాత్రం కనబడలేదనీ, వాడే మందులు మానొద్దనీ ఒకే ఊపులో చెప్పింది. కె మందును కమిటీకి చూపించలేదు కనుక అప్పుడు దానికి అనుమతి ఇవ్వలేదు. ఆయన వేసే కంటి చుక్కలూ అప్పటికి ఆగిపోయాయి. అటు పరీక్ష పాసు కాలేదు, ఇటు ఫెయిలూ కాలేదు. ఇలాంటి మార్కుల జాబితా మీరెప్పుడన్నా చూశారా!

ఒకే మూలిక, సరిహద్దుకో న్యాయం. మన రైతులు పండించే అశ్వగంధను 2023లో డెన్మార్క్ నిషేధించింది. మనకు పాలల్లో కలిపే బలం, వాళ్లకు కటకటాల సరుకు!

మరి సౌదీ సంగతి? పాయసంలో గీకే జాజికాయ మీకు తెలుసు కదా. కాయగా గానీ పొడిగా గానీ ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు! మోతాదు మించితే మత్తిస్తుందని. మసాలాలో కలిసి ఉంటే సరే, అదీ 20 శాతం దాటకుండా. మీ గరం మసాలాలో జాజికాయ ఎంత శాతమో ఎప్పుడన్నా కొలిచారా? అమ్మ చేతి కొలతకు శాతాలుండవు!

అన్నింటికన్నా పెద్ద దెబ్బ గసగసాలది. మనకది కోడికూరలో చిక్కదనం. మొక్క మాత్రం నల్లమందు గసగసాల మొక్కే. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు ఉన్నవాళ్లే పండిస్తారు. గింజల మీద మార్ఫిన్ జాడలుంటాయి. 2023లో అమెరికా రక్షణ శాఖ కూడా సైనికులను గసగసాల రొట్టెలు తినొద్దంది, మత్తు పరీక్షలో పట్టుబడతారని! సౌదీలో అయితే గసగసాలు మాదకద్రవ్యాల లెక్కలోకే వస్తాయి. దొరికితే కూర మాట దేవుడెరుగు, కేసు ఖాయం. రియాద్‌లోని మన రాయబార కార్యాలయం తేవద్దని చెబుతూనే ఉంది.

యాన్బుకు టికెట్టు చేతికొచ్చినవాళ్లు ఈ రాత్రే పని పెట్టుకోండి. అమ్మగానీ వదినగానీ కట్టిచ్చిన మసాలా పొట్లాలు ఒక్కొక్కటీ విప్పి చూడండి. లేహ్యాలు, చూర్ణాలు ఉంటే కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, లోపలి దినుసుల జాబితా ఉన్న సీలు డబ్బాలే పెట్టుకోండి. రోజూ వాడే మందులకు డాక్టరు చీటీ పక్కనే ఉంచండి. జాజికాయ తీసెయ్యండి. గసగసాలు చారెడు కూడా వద్దు.